కోరంగి నావయు నౌకాప్రతికృతులును

గౌతమీగోదావరి సముద్రమును చేరుటకు ముందు దాని నుండి చీలి, మడఅడవుల నడుమ మెలికలు తిరుగుచు కాకినాడ అఖాతమున కలియు పాయయొడ్డున కోరంగి యను గ్రామము కలదు. నేడు ఆ పేరు వినగానే చదువరులకు స్ఫురించునవి ఆ మడఅడవులును, వాని నడుమ వేసిన చెక్కబాటయును, అచ్చటి పక్షులును మాత్రమే. కాని పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున, కలకత్తాకును సింహళమునందలి తిరుకోణమలకును నడుమ గల తూర్పుతీర మంతటిలో, పెద్ద యోడను నీటి నుండి తప్పించి దాని యడుగు బాగుచేయుటకు వీలైన తావు ఇదియొక్కటియే యని నాటి నావికు లెరుగుదురు. రేకపల్లి మన్యము నుండి టేకుదుంగలు తెప్పలుగా గట్టబడి గోదావరి వెంట దిగివచ్చుచుండెను; కోరంగి, తాళ్లరేవు ప్రాంతముల వడ్రంగులు వానిని కోసి, చెక్కి, సముద్రమునకు తాళగల ఓడలుగా తీర్చుచుండిరి; ఆ యోడలు బియ్యమును ఉప్పును బట్టలను నింపుకొని కలకత్తాకును రంగూనుకును సింహళమునకును పోవుచుండెను. 1802 ప్రాంతమున ఎబినీజర్ రోబక్ అను ఆంగ్లేయుడు అచ్చట ఓడల మరమ్మతుకై యొక గుంటను కట్టించెను. బర్మాకు వలసపోయిన తెలుగువారినందరిని ఆ దేశస్థులు కోరంగీలనియే పిలిచిరనగా ఈ రేవునకు గల ప్రసిద్ధి యెంతటిదో యూహింపవచ్చును.

ఆ ప్రసిద్ధి నిలువలేదు. 1789 డిసెంబరున వచ్చిన తుఫానులో సముద్రము మూడు మహాతరంగములుగా లేచి ఊరిని ముంచివేసెను; 1839 నవంబరున మరల అట్టి యుపద్రవమే సంభవించెను. తరువాత గోదావరి తెచ్చు మేట రేవుముఖమును క్రమముగా పూడ్చివేయగా పెద్ద యోడలు కోరంగిని విడిచి కాకినాడను ఆశ్రయించెను. ఆవిరియోడలు వచ్చిన పిమ్మట కొయ్యయోడలకు గిరాకియే తగ్గిపోయెను. రేవులు పుట్టుటయు గిట్టుటయు మన తీరమునకు క్రొత్త కాదు. ఘంటసాల యేమైనది, మోటుపల్లి యేమైనది? కాని కోరంగి విషయమున నా మనస్సును బాధించునది రేవు పోవుట కాదు. తరతరములుగా అచ్చట ఓడలు కట్టిన మన వడ్రంగుల విద్య, వారి మాటలలోనే, వారి గీతలలోనే మనకు దక్కకపోవుట.

ఇది వారి లోపమని నేననుటలేదు. అడుగుదూలము ఇన్ని మూరలైనచో నడిమి వెడల్పు ఇన్ని మూరలుండవలెను, ముక్కు ఇంత లేవవలెను, వెనుకభాగము ఇంత సన్నబడవలెను అను లెక్క పెద్దమేస్త్రి నోట నుండెను. ప్రక్కలకు నిలుపు వంకకొయ్యలకు తగిన సహజమైన వంపు ఏ కొమ్మలో నున్నదో చెట్టు నిలిచియుండగనే గుర్తించు నేర్పు ఆయన కంట నుండెను. పలకను ఎంతసేపు కాచి వంచిన పగులకుండునో, సందులలో నారను ఎంత గట్టిగా దట్టించి పైన గుగ్గిలపు పూత పూసిన నీరు చొరకుండునో ఆయన చేతిలో నుండెను. తండ్రి ప్రక్కన కూర్చుండి కొడుకు ఉలి పట్టినంతకాలము ఈ విద్యకు కాగితముతో పనిలేదు. కాని ఒక్క తరము ఉలి దింపినయెడల, అట్టి విద్య మరల దొరకదు. దానికి పుస్తకము లేదు, సాక్షి లేదు.

ఈ కొరత కోరంగితో పుట్టినది కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్ది చివరివాడైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాపకొయ్యలు గల ఓడ రూపము కలదు. అది చూచి మన పూర్వులు సముద్రయానపరులని గర్వించుచున్నాము, గర్వింపదగినదే. కాని బొటనవ్రేలి గోరంత బొమ్మనుబట్టి ఆ యోడ పొడవెంతయో, పలకలు మేకులతో కూర్చిరో త్రాళ్లతో కుట్టిరో ఎవరు చెప్పగలరు? కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లియందు వేయించిన అభయశాసనము, గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును ఇకమీదట లాగుకొనము, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందుమని పరదేశవర్తకులకు ధైర్యము చెప్పుచున్నది. ఏయే సరకునకు ఎంతెంత సుంకమో సవిస్తరముగా చెప్పుచున్నది. ఆ సరకు నెక్కించిన యోడ యెట్లుండెనో చెప్పుట లేదు. రాజునకు సుంకము ముఖ్యము, వర్తకునకు సరకు ముఖ్యము. ఓడ రూపము మీద ప్రేమ గలవాడు కావలెనన్న, ఆ వస్తువును దానికొరకే ప్రేమించు మనుష్యుడు పుట్టవలెను.

అట్టివాడొకడు 1830లో మన తీరమునకు వచ్చెను. లాప్లాస్ అను నాయకుని క్రింద 'ఫావొరీత్' అను ఫ్రెంచి యుద్ధనౌక భూప్రదక్షిణము చేయుచు వచ్చి, ఈ ప్రాంతమున అడుగు దెబ్బతిని, కోరంగిలో బాగుచేయించుకొనవలసివచ్చినది. అందులో ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారిస్ అను ఇరువదినాలుగేండ్ల అధికారి యుండెను. ఓడపై ఆయన యుద్యోగము వేరు. పరదేశపు పడవలను కొలిచి గీయుట ఆయన స్వంత వ్యాసంగము. తన దేశమున గొప్ప యుద్ధనౌకలను కట్టువారు శాస్త్రజ్ఞులు. ఇచ్చట నల్లని దేహములతో మోకాలిలోతు బురదలో నిలిచి పనిచేయువారు చదువురాని వడ్రంగులు. ఐనను పారిస్ దృష్టికి ఈ పడవలు వింతవస్తువులుగా గాక, ఒక్కొక్క తీరపు గాలికి, కెరటమునకు, ఇసుకకు మనుష్యబుద్ధి కనుగొన్న సమాధానములుగా కనబడెను. నా యెరుకలో, పందొమ్మిదవ శతాబ్దిలో మన తీరమునకు వచ్చిన పాశ్చాత్యులలో ఇంతటి మర్యాదతో మన వడ్రంగి పనిని చూచినవారు అరుదు.

ఒడ్డున ఒరగియున్న పడవను కొలుచుట, చూచినంత తేలిక కాదు. పెట్టెకు మూలలుండును, పడవకు మూలలే లేవు. దాని యాకృతిని పట్టుకొనగోరువాడు ముందుగా ముక్కు నుండి వెనుక కొన వరకు నడిమధ్యగా ఒక దారమును బిగించి లాగును. ఆ దారమును సమభాగములుగా విభజించి, ప్రతి గురుతు కడను లంబముగా సీసపుగుండు వ్రేలాడదీసి, ఆ గుండు దారము నుండి ప్రక్కపలక ఎంతెంత దూరమున నున్నదో పైన, నడుమ, క్రింద వేరువేరుగా కొలిచి వ్రాసికొనును. తరువాత ఆ కొలతలను చిన్నవిగా చేసి కాగితముపై మూడు బొమ్మలు గీయవలెను: ప్రక్క నుండి చూచినట్లొకటి, పై నుండి చూచినట్లొకటి, ఎదుట నిలిచి చూచినట్లొకటి. ఒక బొమ్మలోని బిందువు తక్కిన రెండింటిలోను సరిపడవలెను. ఎక్కడనైన ఒక వంపు నునుపుగా సాగక గతుకుపడినయెడల, పడవ తప్పు కాదు, కొలత తప్పు. దారము తీసికొని మరల ఒడ్డునకు పోవలసినదే. ఇట్లు సిద్ధమైన మూడు బొమ్మలు చేతనున్నచో, ఆ పడవను కన్నులార చూడనివాడు సైతము నూరేండ్ల తరువాత దానిని మరల కట్టగలడు.

పారిస్ మూడుమార్లు భూప్రదక్షిణము చేసెను. మూడవసారి, 1837లో బయలుదేరిన 'ఆర్తెమీజ్' ఓడలో వచ్చినప్పుడు, పుదుచ్చేరియందు ఒక యంత్రపు పండ్లచక్రములలో చిక్కి ఆయన ఎడమచేయి పోయెను. ఐనను ఆయన గీయుట మానలేదు. 1843 నాటికి వెలువడిన ఆయన బృహద్గ్రంథములో, అరబ్బుల, మలయుల, చీనావారి, పసిఫిక్ దీవుల వారి నావలతో పాటు మన చోళమండల తీరపు తెప్పలును, త్రాళ్లతో కుట్టిన పడవలును, దోనెలును కొలతలతో సహా స్థానము పొందెను. పిమ్మట ఆయన నౌకాసేనాధిపతియై, 1871లో లూవ్రునందలి నౌకాప్రదర్శనశాలకు పాలకుడై, 1893లో మరణించువరకు ఆ పదవియందే యుండి, తన యౌవనమున గీసికొన్న బొమ్మలనుబట్టి ఆ యా దేశముల నావలకు చిన్న చిన్న ప్రతికృతులను అచ్చటి పనివారిచేత చేయించి నిలిపెను. కాగితముమీది గీతను చదువనేరనివాడు గూడ ప్రతికృతిని చూచి గ్రహింపగలడు గదా! ఆ గీతలను ఆయన తన పెట్టెలో దాచుకొని యుండినయెడల, ఒక యుద్యోగి ప్రొద్దుపుచ్చుకొనుటకై చేసిన పనిగా అవి ఆయనతోనే ముగిసియుండెడివి. ముద్రించి, నమూనాలు చేయించి, నలుగురి యెదుట నుంచుటచేత ఆయన వేడుక మన చరిత్రకు ఆధారమైనది.

ఓడల నమూనాలు చేయుట పారిస్‌తో పుట్టలేదు. అది మనుష్యజాతికి మిక్కిలి పాతయలవాటు. ఈజిప్టులో మెకెట్రే యను నధికారి సమాధిలో దాదాపు నాలుగువేల యేండ్ల క్రిందట ఉంచిన కొయ్య పడవలను, వానిలో తెడ్లు వేయు మనుష్యుల బొమ్మలతో సహా, 1920లో త్రవ్వితీసిరి. స్పెయినులోని మతారో పట్టణపు దేవాలయమున మ్రొక్కుబడిగా వ్రేలాడదీసిన పదునైదవ శతాబ్దపు ఓడ నమూనా నేడు రాటర్‌డాం ప్రదర్శనశాలలో నున్నది. పోలిపాడ్యమినాడు తెల్లవారుజామున మన స్త్రీలు అరటిదొప్పలలో దీపములు పెట్టి నీట విడుచుటయు, కార్తికపూర్ణిమనాడు ఓఢ్రులు చిన్న ఓడలను చేసి మహానదిలో విడుచుటయు ఈ కోవలోనివే. ఇవన్నియు పరలోకమునకో, దేవతకో సమర్పింపబడినవి. ఒకరు చేసినదానిని మరియొకరికి చూపి, కొలత సరిచూచుకొని, తెలియనిది తెలిసికొనుటకై చేసిన నమూనాల చరిత్ర తరువాతి కాలమున మొదలైనది.

దాని ప్రారంభమున శామ్యూల్ పెపిస్ యొక్క కథ కలదు. నాకిది మిక్కిలి ప్రీతికరమైన కథ. 1660లో ఆయన ఇంగ్లండు నౌకాదళపు కార్యాలయమున పెద్ద యుద్యోగములో కుదిరెను. కేంబ్రిడ్జిలో చదివినవాడే కాని, ఓడను గూర్చి ఆయనకేమియు తెలియదు. దుంగలు, నార, కీలు అమ్మువారు చెప్పినదే ధర. తన యజ్ఞానమునకు సిగ్గుపడి, 1662 వేసవిలో, తన ఇరువదితొమ్మిదవ యేట, కూపర్ అను ఓడసరంగును గురువుగా పెట్టుకొనెను. మొదటిపాఠము ఎక్కములు! వేకువ నాలుగు గంటలకు లేచి ఆ యుద్యోగి ఎక్కములు వల్లించెనని ఆయన దినచర్య చెప్పుచున్నది. తరువాత తన గదిలోని యోడ నమూనా నెదుట పెట్టుకొని, ఇది యేమి, అది యేమి, ఈ త్రాడు దేనిని లాగును అని ఆ సరంగు వలన ఒక్కొక్క అవయవమును నేర్చుకొనెను. ఇట్లు నేర్చినవాడే ముందుముందు ఇంగ్లండు నౌకాదళమును చక్కదిద్దిన మహాపరిపాలకుడయ్యెను. ఈ వృత్తాంతములో ఇద్దరును పూజ్యులే యని నా యభిప్రాయము: అడుగుటకు జంకని యుద్యోగియు, తనకు తెలిసినదానిని దాచని సరంగును.

ఆ కాలపు ఇంగ్లీషు నమూనాలు అడుగునకు పావు అంగుళము చొప్పున, అనగా అసలులో నలుబదియెనిమిదవ వంతుగా చేయబడెడివి. నీటిలో మునుగు క్రిందిభాగమునకు పలకలు వేయక, లోని వంకకొయ్యల వరుసను బయటికి కనబడనిచ్చుట వాని విశేషము. పైభాగమున చెక్కడములు, పూతలు, బంగారుమెరుపులు. క్రింద ప్రక్కటెముకలవలె అస్థిపంజరము. పెపిస్ తరువాత అదే కార్యాలయమున పనిచేసిన చార్లెస్ సర్జిసన్ కూర్చిన ఇట్టి నమూనాలు రెండు శతాబ్దములకు పైగా ఆయన వంశీకుల గృహమున నుండి, తరువాత హెన్రీ రోజర్స్ అను అమెరికా ధనికునిచేత కొనబడి, 1935లో ఆయన వీలునామా వలన అమెరికా నౌకాదళ విద్యాలయమునకు చేరెను. కొన్నవాడు తన ఇంట తాళము వేసికొని తృప్తిపడక, నావికులు కాదలచిన బాలురు చూచునట్లు చేయుట మెచ్చదగినది.

బంధితుల చేతులలో ఈ కళ మరియొక రూపము దాల్చెను. నెపోలియను కాలపు యుద్ధములలో పట్టుబడిన ఫ్రెంచివారిని, డచ్చివారిని ఇంగ్లండులో పీటర్‌బరో పట్టణమునకు సమీపమున నార్మన్ క్రాస్ అను తావున 1797 నుండి 1814 వరకు వేలకొలదిగా నిర్బంధించిరి. వారికి కూటిలో వచ్చిన మాంసపు టెముకలే ముడిసరకు. వానిని ఉడికించి, తెల్లబరచి, సన్నని పలకలుగా కోసి, ఎముకపలకలతో యుద్ధనౌకలను కట్టిరి. తెరచాపత్రాళ్లకు వెండ్రుకలను, పట్టుదారమును వాడిరి. ఒకడు పలకలు కోయును, ఒకడు ఫిరంగులు చెక్కును, ఒకడు త్రాళ్లు బిగించును. అందరి పాలును కలిసి ఒక ఓడ. శిబిరపు ద్వారము కడ జరుగు సంతలో వానిని అమ్ముకొనుటకు అధికారులు అనుమతించిరి; గడ్డి అల్లిక మాత్రము ఆ ప్రాంతపు పేదల బ్రతుకునకు దెబ్బయగునని నిషేధించిరి. శాస్త్రదృష్టితో చూచినచో ఈ నమూనాల కొలతలు సరికావు. తెరచాపకొయ్యలు ఉండవలసినదానికంటె పొడవుగా నుండును. కొలతపట్టీ లేక, ఇండ్లకు మరల పోవుదుమో పోమో తెలియక, తాము నడిపిన యోడలను జ్ఞాపకము మీద కట్టినవారి పనియందు ఆ పొడవు నాకు తప్పుగా తోచదు. పీటర్‌బరో ప్రదర్శనశాలలో నేటికిని అవి యున్నవి.

నమూనాను కట్టు వేడుక శాస్త్రమైన విధము గూడ చెప్పవలెను. విలియం ఫ్రౌడ్ అను ఇంగ్లీషు ఇంజనీరు రైలుబాటల పని విడిచి తండ్రికి తోడుగా పల్లెపట్టున నుండుచు, ఓడలు నీటిని చీల్చు విధమును గూర్చి తన యింటనే పరీక్షలు చేయసాగెను. 1867లో డార్ట్ నదిలో ఆయన 'హంస' యనియు 'కాకోలము' అనియు పేర్లు పెట్టిన రెండు రకముల నమూనాలను, మూడడుగులవి, ఆరడుగులవి, పండ్రెండడుగులవి, ఆవిరిపడవ ప్రక్కన లాగించి చూచెను. కాకోలము ముక్కు కత్తివలె పదునైనది. హంస ముక్కు గుండ్రనిది. పదునైనదే ఎల్లప్పుడును తేలికగా పోవునని నాటి పండితుల నిశ్చయము. కాని వేగము హెచ్చినకొలది హంసకే నీటి యడ్డు తక్కువయ్యెను. నమూనా పొడవు అసలు ఓడలో పదునారవ వంతైనచో, దానిని నాల్గవ వంతు వేగముతో నడపినప్పుడే రెంటి యలలును ఒకే తీరున లేచునను సూత్రము ఈ పరీక్షలవలన స్థిరపడెను. 1872లో నౌకాదళపు ధనసహాయముతో టార్కీ పట్టణమున తన యింటి ప్రక్కనే పొడవైన తొట్టి కట్టించి, మైనపు నమూనాలను అందులో లాగించెను. నేడు లోకమున పెద్ద యోడలు చాలవరకు ఇట్టి పరీక్ష తరువాతనే కట్టబడుచున్నవి. మన విశాఖపట్టణమున 1969లో స్థాపింపబడిన నౌకాశాస్త్ర పరిశోధనాలయములో అర కిలోమీటరు పొడవుగల ఇట్టి తొట్టి యున్నదనియు, కోరంగికి నూరుమైళ్ల లోపుననే అది యున్నదనియు మన విద్యార్థులలో ఎందరెరుగుదురు?

ఇంటిలో ఒంటరిగా నమూనాలు చేసికొనువారు ఒకరినొకరు కనుగొనుటకు పత్రిక యొకటి కావలసివచ్చెను. 1898లో పెర్సివల్ మార్షల్ అను నాతడు లండనులో అట్టి పత్రికను ప్రారంభించెను. ఆ యేడే అచ్చట నమూనాలు చేయువారి సంఘమును ఏర్పడెను. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కమ్మరులు తమ కొలతలను, తమ పొరపాట్లను, తాము కనుగొన్న కిటుకులను వ్రాసి పంపగా, చదివినవారు సవరణలు వ్రాసిరి. వృత్తివిద్యను కులమో సంఘమో దాచుకొను కాలము పోయి, వేడుకకై పనిచేయువాడు దానిని బాహాటముగా పంచుకొను కాలము వచ్చుట చరిత్రలో చిన్న మార్పు కాదు. లాభమును కోరనివానికి రహస్యముతో పనిలేదు.

ఈ పంపకమునకు ఫలముగా పుట్టిన పడవయొకటి మన తీరమును తలపింపజేయుచున్నది. చెన్నపట్టణము, బందరు, విశాఖ తీరములలో కెరటముల మీదుగా మనుష్యులను సరకులను ఒడ్డునకు చేర్చిన మసూలా పడవకు ఇనుపమేకు లేదు, లోన వంకకొయ్య లేదు. పలకల యంచుల వెంబడి రంధ్రములు తొలిచి, సందున గడ్డియో నారయో ఉంచి, కొబ్బరినార త్రాటితో పలకను పలకకు కుట్టివేయుదురు. మేకులు కొట్టిన పడవ ఇసుకపై కెరటము విసరికొట్టినప్పుడు పగులును. కుట్టిన పడవ వంగి, మరల తన రూపమునకు వచ్చును. 1963లో లండనులో 'డైలీ మిర్రర్' అను దినపత్రిక, సామాన్యులు ఇంటిలోనే కట్టుకొనదగిన, 11 అడుగులకు కొంచెము తక్కువైన చిన్న తెరచాప పడవను ప్రచారము చేసెను. జాక్ హోల్ట్, బారీ బక్నెల్ అను వారు దానిని రూపొందించిరి. ప్లైవుడ్ పలకలకు రంధ్రములు తొలిచి, రాగితీగతో ఒకదాని నొకదానితో కుట్టి, సందులను గాజునార పట్టీతోను జిగురుతోను మూయుట దాని పద్ధతి. వడ్రంగము రానివారు గూడ తమ వసారాలలో కట్టుకొనగలిగిరి. అట్టి పడవలు 70,000కు పైగా లోకమున తయారైనవి. ఆ రూపకర్తలు మసూలాను చూచి చేసిరని నేను చెప్పను. ఆ రెంటికిని వంశసంబంధము లేదు. కాని కుట్టుట యను యుక్తి ఒకచోట కాగితముమీది కెక్కి డెబ్బదివేల యిండ్లకు పోగా, మరియొకచోట పల్లెవారి వ్రేళ్లలోనే నిలిచి వారితో తరిగిపోవుచున్నదనునది మనము తలపోయవలసిన విషయము.

మన తీరపు పడవలను గూర్చి పారిస్ తరువాత మిక్కిలి శ్రద్ధ వహించినవాడు జేమ్స్ హోర్నెల్. మద్రాసు మత్స్యశాఖలో నుద్యోగించిన ఈయన 1920లో భారతదేశపు పడవల యాకృతులను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. తమిళ తీరమున దుంగలను త్రాళ్లతో కట్టి తెప్ప చేయుదురనియు, విశాఖ, గంజాము తీరములలో కొయ్యచీలలతో బిగింతురనియు, గోదావరి ముఖమున ముక్కు చెప్పువలె లేచియుండు దోనె కలదనియు ఆయన గమనించెను. అధికారి తనిఖీకి వచ్చి చేపల లెక్క వ్రాసికొనిపోవుటతో సరిపెట్టుకొనక, తెప్ప ముడి యెట్లున్నదని వంగి చూచుటను నేను గొప్పగా భావింతును.

కొలతలు లేనియెడల కలుగు కష్టమునకు ఇటీవలి నిదర్శన మొకటి కలదు. అజంతా కుడ్యచిత్రములోని ఓడనుబట్టి కుట్టుపద్ధతిని ఒక నౌకను కట్టవలెనని మనవారు సంకల్పించినప్పుడు, ప్రాచీన కొలతపట మొక్కటియు లేనందున చిత్రమునుబట్టియే సమస్తము ఊహింపవలసివచ్చినది. కేరళ పనివారు పలకలు కుట్టిరి, మద్రాసు ఐ.ఐ.టి.లో నమూనాను నీటిలో పరీక్షించిరి. 'కౌండిన్య' యను పేరుతో 2025 మే నెలలో కార్వారు కడ అది నౌకాదళమున చేరినది. ఈ విజయమునకు మనము సంతోషింపవలెను. ఐనను, చిత్రకారుడు గోడపై వ్రాసిన బొమ్మను ఓడగా మార్చుటకు ఇంతమంది శాస్త్రజ్ఞులు శ్రమింపవలసివచ్చినదే. కట్టిన వడ్రంగి పలుకులు పది తాటాకులమీద నిలిచియుండినచో ఆ శ్రమలో ఎంత తగ్గియుండునో!

తెలుగుదేశమున ఇట్టి పనికి తగిన అభిరుచి లేదనువారితో నేనేకీభవింపను. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టి ఇరుగుపొరుగువారిని పిలిచి చూపుకొను అలవాటు మనది. తెల్లపొణికి కొయ్యతో కొండపల్లివారు ఎడ్లబండిని, అంబారీయేనుగును, తాడెక్కు గీతకారుని ఎంత చక్కగా చేయుదురు! అంకుడుకర్రను లక్కరంగులతో ఏటికొప్పాకవారు ఎంత నునుపుగా తీర్తురు! నేను చూచిన కొలువులలో మాత్రము గోదావరి నావ కనబడుట అరుదు. కొనువారు అడిగినచో చేయువారు చేయకపోరు.

మన తీరమున కొయ్యనావలు, తెప్పలు తగ్గి, వాని స్థానమున గాజునార పడవలు వచ్చి చాలకాలమైనది. మత్స్యకారుని నేను తప్పుపట్టను. తేలికైన పడవ, తక్కువ మరమ్మతు, ఆతని బ్రతుకునకు అదియే మేలు. కాని కొయ్యనావ కట్టిన మేస్త్రులు ఇంకను కొందరు తాళ్లరేవు, కాకినాడ ప్రాంతములలో జీవించియున్నారు. ఆ ప్రాంతపు పాఠశాలలలో చిత్రలేఖనము చెప్పు ఉపాధ్యాయులును, ఇంజనీరింగు విద్యార్థులును, చేతిపనియందు వేడుక గల గృహస్థులును ఒక దారమును, సీసపుగుండును, కొలతపట్టీని తీసికొని ఒడ్డున మిగిలియున్న ఒక్క నావ కడకు పోవుదురుగాక. మేస్త్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ప్రతి కొయ్యకును ఆయన వాడు పేరునే వ్రాసికొనుడు. మూడు బొమ్మలు గీయుడు. ఇరువదవ వంతుగా ఒక నమూనా చేయుడు. నమూనాను ఊరి గ్రంథాలయమున ఉంచుడు. పటమునకు ప్రతులు తీసి అడిగినవారికెల్ల ఇయ్యుడు. దానిపై మీ పేరునకు ముందు ఆ మేస్త్రి పేరు వ్రాయుడు.